హైదరాబాద్ నుంచి సముద్రానికి: ఇంటిల్లిపాదికీ ఎన్ని పూటలు దక్కుతాయి?

హైదరాబాద్ వాళ్లకు ఏ దిక్కుకు వెళ్లినా సముద్రం దూరమే. అన్నిటికన్నా దగ్గర తీరం బాపట్ల, చీరాల వైపు. అక్కడికీ 300 కిలోమీటర్లకు తక్కువ లేదు. అందుకే ‘బీచ్‌కు పోదాం’ అనే మాట రాగానే ఇంట్లో ఎవరో ఒకరు ఫోన్ తీసి కిలోమీటర్లు చూస్తారు. ఏది దగ్గరుంటే అది ఖాయం చేసేస్తారు. ఈ లెక్క చాలాసార్లు బెడిసికొడుతుంది.

లెక్కపెట్టాల్సింది పూటల్ని. మన తూర్పు తీరంలో పొద్దున పది దాటిందంటే ఇసుక మీద ఒట్టికాలు పెట్టలేం. సాయంత్రం నాలుగు దాకా అంతే. చీకటి పడ్డాక నీళ్లలో దిగకూడదు. అంటే రోజులో సముద్రం మనకు పనికొచ్చేది రెండు పూటలే: తెల్లవారినప్పటి నుంచి తొమ్మిదిన్నర దాకా ఒకటి, నాలుగు నుంచి ఆరున్నర దాకా ఇంకొకటి. మిగతా టైమంతా రూంలోనో, గుళ్లోనో, తిండి దగ్గరో గడవాల్సిందే. మీరు అనుకున్న ట్రిప్‌లో ఇలాంటి పూటలు ఎన్ని దక్కుతాయో కాగితం మీద రాసుకుంటే సగం వాదన అక్కడే తెగిపోతుంది.

ఉదాహరణకు శనివారం తెల్లవారుజామున ఐదింటికి కారులో బాపట్ల దగ్గరి సూర్యలంకకు బయలుదేరారనుకుందాం. టిఫిన్‌కు, పిల్లల అవసరాలకు ఆగుతూ పోతే చేరేసరికి పన్నెండు. శనివారం సాయంత్రం ఒక పూట, ఆదివారం పొద్దున ఇంకో పూట. మధ్యాహ్నం భోంచేసి బయలుదేరితే ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. పదమూడు, పద్నాలుగు గంటలు కారులో కూర్చుంటే దక్కింది రెండు పూటలు. అదే శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి వైజాగ్‌లో దిగుతారు. శనివారం రెండు పూటలు, ఆదివారం పొద్దున ఒకటి, మొత్తం మూడు. ఆదివారం సాయంత్రం బండెక్కితే సోమవారం పొద్దున హైదరాబాద్‌లో ఉంటారు. దూరం రెట్టింపు, సెలవు పెట్టింది సున్నా, దక్కిన పూటలు ఎక్కువ. కారణం ఒక్కటే: రైలు ప్రయాణం నిద్రలో పోయింది, కారు ప్రయాణం పగటిని తినేసింది.

అలాగని అందరూ వైజాగే పోవాలని కాదు. పూటలతో పాటు ఇంట్లో అందరికన్నా ఓపిక తక్కువ ఉన్నది ఎవరికో కూడా చూడాలి. మూడేళ్ల లోపు పాప ఉందా, మోకాళ్ల నొప్పుల తాతయ్య ఉన్నారా, బస్సెక్కితే వాంతులయ్యే మనిషి ఉన్నారా? ట్రిప్ నడిచేది వాళ్ల ఓపికను బట్టే.

ముందు క్యాలెండర్ చూడండి

ఎక్కడికన్నది తర్వాత, ఎప్పుడన్నది ముందు. బంగాళాఖాతం తీరానికి డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండ సౌమ్యంగా ఉంటుంది, గాలి బాగుంటుంది. మార్చిలో కూడా ఫరవాలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోతతో పూటలు ఇంకా కుదించుకుపోతాయి. పొద్దున ఎనిమిదిన్నరకే ఇసుక కాలుతుంది. మే నెలలో సూర్యోదయం ఐదున్నర ప్రాంతంలోనే అవుతుంది కాబట్టి పిల్లల్ని ఐదింటికే లేపగలిగితే ఆ నష్టం కొంత పూడుతుంది.

దసరా సెలవుల సంగతి వేరు. అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య దాకా వాయుగుండాలూ, తుఫానులూ వచ్చే కాలం. అప్పుడు వెళ్లాలనుకుంటే డబ్బు వాపసు వచ్చే బుకింగే చేసుకోండి. కార్తీక మాసంలో, ముఖ్యంగా పౌర్ణమి నాడు, సముద్ర స్నానాలకు సూర్యలంకకూ, మచిలీపట్నం దగ్గరి మంగినపూడికీ జనం వెల్లువెత్తుతారు. పుణ్యం కోసమైతే వెళ్లండి, విశ్రాంతి కోసమైతే ఆ రోజులు తప్పించండి. సంక్రాంతికి వాతావరణం బాగుంటుంది కానీ పండక్కి రెండు మూడు రోజుల ముందు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్ల బారు ఎలా ఉంటుందో హైదరాబాదీలకు చెప్పనక్కర్లేదు. పండగ వెళ్లాక వచ్చే వారాంతాలు, జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో, అన్ని విధాలా మేలు.

చేపల కోసం వెళ్లేవాళ్లకు ఇంకో తేదీ ముఖ్యం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల మీద వేట నిషేధం. సరిగ్గా పిల్లల వేసవి సెలవులప్పుడే. ఆ రెండు నెలలు సముద్రపు చేప తక్కువగా దొరుకుతుంది, ధరా ఎక్కువే. రిసార్ట్‌లో ‘తాజా’ అని పెట్టేది చెరువు చేపో, ఐస్‌లోదో అయ్యే అవకాశమే ఎక్కువ. వంజరం, చందువా, పీత తినాలనే ప్రయాణమైతే జనవరికి మార్చుకోండి.

బాపట్ల, చీరాల: ఒకే తీరం, మూడు రకాలు

సూర్యలంక, వాడరేవు, రామాపురం ఒకే తీరంలో ఉన్నా మూడింటి స్వభావం వేరు.

సూర్యలంక బాపట్ల టౌన్‌కు తొమ్మిది కిలోమీటర్లు. వెడల్పాటి, పొడుగాటి ఇసుక తీరం. పర్యాటక శాఖ రిసార్ట్ తీరం మీదే ఉంది. గది తలుపు తీసి నడిస్తే సముద్రం వస్తుంది. పెద్దవాళ్లున్న కుటుంబానికి ఇంతకన్నా సుఖం లేదు. చిక్కల్లా ఆదివారంతోనే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, గుంటూరు నుంచి జనం పొద్దున్నే దిగుతారు. శుక్రవారం రాత్రో, శనివారమో అక్కడ ఉండి ఆదివారం పదింటికల్లా బయటపడేలా ప్లాన్ వేస్తే ఆ రద్దీ మిమ్మల్ని తాకదు. రిసార్ట్‌లో గదులు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. వారాంతం కావాలంటే బాగా ముందుగానే బుక్ చేసుకోవాలి.

వాడరేవు చీరాలకు ఆరేడు కిలోమీటర్లు. ఇది మత్స్యకారుల ఊరు. పొద్దున్నే పడవలు ఒడ్డుకొస్తుంటే చూడటం పిల్లలకు పండగ. చేప అక్కడికక్కడే బేరమాడి కొనొచ్చు. కానీ వలలు, తాళ్లు, ఎండుచేపల వాసన అన్నీ ఉంటాయి. వాసన పడనివాళ్లు, చెప్పుల్లేకుండా పరుగెత్తే పిల్లలు ఉంటే ఇక్కడ ఒక గంట చూసి వెళ్లడమే మంచిది.

రామాపురం వైపు ప్రైవేటు రిసార్టులు వరసగా ఉంటాయి. ఈత కొలను, పచ్చిక, పిల్లల ఆటస్థలం ఉంటాయి, అద్దె కూడా అలాగే ఉంటుంది. ఇక్కడి లాభం మధ్యాహ్నంలో ఉంది. పది నుంచి నాలుగు దాకా రూంలో ఏం చేయాలన్న ప్రశ్న కొలను వల్ల తీరిపోతుంది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలు ఉంటే సూర్యలంక కన్నా రామాపురమే నయం. ఒక మాట: చాలా కొలనుల్లో కాటన్ బట్టలతో దిగనివ్వరు, నైలాన్ డ్రెస్ అడుగుతారు. అక్కడ కొనాలంటే రెండింతలు అవుతుంది. హైదరాబాద్‌లోనే కొనుక్కుని పోండి.

ఇంటి ఆడవాళ్లకు చీరాల అంటే చీరలే గుర్తొస్తాయి. జాండ్రపేటలో మగ్గాల దగ్గరే కొనొచ్చు. ఎండవేళ కాలక్షేపానికి దీన్ని మించింది లేదు. దాని ఖర్చు మాత్రం ట్రిప్ బడ్జెట్‌లో రాసుకోరు, అదే అసలు లొసుగు.

దారి విషయానికొస్తే రెండున్నాయి. ఒకటి విజయవాడ హైవే మీద గుంటూరు దాకా పోయి బాపట్ల వైపు తిరగడం. రెండోది నార్కట్‌పల్లి దగ్గర హైవే వదిలి నల్గొండ, మిర్యాలగూడ, వాడపల్లి, పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా పోవడం. చీరాలకు రెండోదే దగ్గర, విజయవాడ ట్రాఫిక్ బెడదా ఉండదు. అయితే వాడపల్లి నుంచి పిడుగురాళ్ల దాకా సిమెంటు ఫ్యాక్టరీల ప్రాంతం, లారీలు దండిగా తిరుగుతాయి. శుభ్రమైన బాత్రూంలున్న హోటళ్లు మొదటి దారిలోనే ఎక్కువ. చిన్నపిల్లలు, షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఉంటే దూరం ఎక్కువైనా విజయవాడ దారే పట్టండి. మియాపూర్, కూకట్‌పల్లి వాళ్లు సిటీలోంచి ఎల్బీనగర్ దాకా పోకుండా ఔటర్ ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే మేలు.

పెట్రోల్ లెక్క తేలికే. రాను, పోను, అక్కడ తిరగడానికి కలిపి 700 కిలోమీటర్లు వేసుకోండి. కారు లీటరుకు 15 ఇస్తే దాదాపు 47 లీటర్లు. లీటరు 107 రూపాయలు అనుకుంటే ఐదువేల పైచిలుకు. టోల్ వేరే. అద్దె కారైతే రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లని లెక్క కడతారు, ఎక్కువగా 250 లేదా 300. డ్రైవర్ బత్తా, ఆంధ్ర పర్మిట్ ఆ రేటులో ఉన్నాయో లేదో ముందే తేల్చుకోండి. సరిహద్దు దగ్గర బండి ఆపి వాదించుకోవడం చాలామందికి అనుభవమే. డ్రైవర్‌కు పడుకునే చోటు రిసార్ట్‌లో ఉందా అన్నది కూడా అడగండి. రాత్రంతా సీట్లో ముడుచుకుపడుకున్న మనిషి చేతిలో మర్నాడు ఏడు గంటలు ఇంటిల్లిపాదీ కూర్చోవాలి.

శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పదింటికి మీరే కారు తీస్తామంటే మాత్రం వద్దు. రెండు నుంచి ఐదు మధ్య కునుకు ఎంత గట్టివాడికైనా తప్పదు. రాత్రి పోవాలంటే రైలే. నారాయణాద్రి, సింహపురి లాంటి బండ్లు తెనాలి, చీరాల మీదుగా పోతాయి. ఇక్కడి చిక్కు దిగే టైము: అర్ధరాత్రి దాటాకో, తెల్లవారకముందో చీరాల వస్తుంది. గది మధ్యాహ్నం పన్నెండుకు గానీ ఇవ్వరు. రిసార్ట్‌కు ఫోన్ చేసి తెల్లవారుజామున గది తెరుస్తారా, సగం రోజు అద్దె తీసుకుంటారా, స్టేషన్‌కు బండి పంపుతారా అని అడిగాకే టికెట్ కొనండి. అన్నీ కుదిరితే ఇది కారు కన్నా ఒకటి, రెండు పూటలు ఎక్కువ ఇస్తుంది.

మచిలీపట్నం: గుడీ సముద్రం రెండూ కావాలంటే

మంగినపూడి బీచ్ బందరుకు పదకొండు కిలోమీటర్లు. ఇక్కడ తెల్లటి ఇసుక, నీలి నీళ్లు వెతికితే నిరాశే మిగులుతుంది. కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రు వల్ల నేల నల్లమట్టి, నీళ్లు బురదరంగు. ఫొటోలకు పనికిరాదు. తెల్లబట్టలు వేసుకుని దిగితే ఇక వాటిని ఇల్లు తుడవడానికే వాడుకోవాలి. కానీ లోతు మెల్లగా పెరుగుతుంది. పది అడుగులు వేసినా మోకాళ్ల దాకానే నీళ్లు. నీళ్లంటే భయపడే పెద్దవాళ్లకూ, పిల్లలకూ ఇది అనువైన చోటు.

ఇక్కడి బలం చుట్టుపక్కల ఉంది. చిలకలపూడి పాండురంగస్వామి గుడి, కృష్ణ సముద్రంలో కలిసే చోట హంసలదీవి వేణుగోపాలస్వామి, పెడనలో కలంకారీ అద్దకం, తిరిగి వచ్చేటప్పుడు బందరు లడ్డూ. విజయవాడలో మకాం పెట్టి కనకదుర్గమ్మ దర్శనం చేసుకుని, ఒక సాయంత్రం 80 కిలోమీటర్లు పోయి సముద్రం చూసి రావచ్చు. మంచి హోటళ్లు, ఆస్పత్రులు దగ్గర్లో ఉండాలనుకునే అమ్మమ్మ, తాతయ్యలకు ఇదే హాయి. అయితే పూటల లెక్కలో ఇది ఒకటే, అదీ సాయంత్రం పూట. పిల్లలు నీళ్ల కోసం ఏడుస్తుంటే ఇది కాదు.

వైజాగ్: మూడు రోజులుంటే మారు మాట లేదు

రోడ్డు మీద 620 కిలోమీటర్లు. కుటుంబంతో ఒకే రోజు కారులో పోవడం శిక్ష. రైలు, విమానం ఉండగా అవసరం కూడా లేదు. సికింద్రాబాద్ నుంచి రెండు వందే భారత్‌లు ఉన్నాయి. ఒకటి తెల్లవారుజామున, ఇంకోటి మధ్యాహ్నం బయలుదేరుతుంది. ప్రయాణం ఎనిమిదిన్నర గంటల పైమాటే. వేగం బాగున్నా పూటల లెక్కలో ఇది గోదావరి కన్నా వెనకే. పగలంతా కుర్చీలో గడిచిపోతుంది. పైగా కూర్చునే సీట్లే కాబట్టి నడుం వాల్చాల్సిన పెద్దవాళ్లకు కష్టం. రాత్రి బండిలో వెళ్లి, పగటి బండిలో రావడం చక్కటి కలయిక.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. శుక్రవారం బండ్లకు ఆ మొదటి పొద్దునే కూర్చోవాలి. ఐదేళ్ల లోపు పిల్లలకు బెర్తు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. ఐదు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు బెర్తు కావాలంటే పూర్తి చార్జీ. పెద్దవాళ్లకు ఇచ్చే రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది, ఇంకా ఉందనుకుని బడ్జెట్ వేయకండి. కింది బెర్తు కోటా మాత్రం ఉంది. అందరినీ ఒకే టికెట్‌లో ఇరికిస్తే ఆ కోటా రాకపోవచ్చు. తాతయ్య, నాయనమ్మలకు ఇద్దరికే కలిపి విడి టికెట్ తీస్తే కింది బెర్తు దొరికే అవకాశం ఎక్కువ.

వైజాగ్‌లో ఏ బీచ్ దేనికన్నది తెలియక చాలామంది పొరబడతారు. ఆర్కే బీచ్ నడవడానికి, చూడటానికి. అక్కడ నేల ఒక్కసారిగా లోతవుతుంది, లోపలికి లాగే ప్రవాహం బలంగా ఉంటుంది. ఏటా ప్రాణాలు పోతున్నా జనం దిగుతూనే ఉన్నారు. మీరు దిగకండి. ఆ రోడ్డు మీద ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి మ్యూజియం, దాని ఎదురుగా టీయూ-142 విమానం మ్యూజియం ఉన్నాయి. కురుసురకు సోమవారం సెలవు. లోపల గుండ్రటి ఇరుకు ద్వారాల్లోంచి వంగి దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను బయట గాలికి కూర్చోబెట్టి పిల్లల్ని తీసుకెళ్లండి.

నీళ్లలో ఆడుకోవాలంటే రుషికొండ. శుభ్రత, భద్రత చూసి ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ ఇది. స్నానానికి కట్టిన హద్దు, కాపలా ఉన్న చోటే దిగాలి. పక్కనున్న రాళ్ల వైపు పోకూడదు. డాల్ఫిన్స్ నోస్ కొండ దాటాక వచ్చే యారాడ కళ్లకు ఇంపైనది, అలలు మాత్రం మొరటు. భీమిలి దారి కార్లో షికారుకు బాగుంటుంది.

అందుకే బస ఎక్కడన్నది ముఖ్యం. పిల్లలతో నీళ్లే ప్రధానమైతే రుషికొండ వైపు తీసుకోండి. హోటళ్లు, తిండి, సాయంత్రం నడక, ఆస్పత్రి దగ్గర్లో ఉండటం ప్రధానమైతే బీచ్ రోడ్డు. రెండింటి మధ్య రోజూ ఆటోలో తిరుగుతూ ఉంటే ఒక పూట ట్రాఫిక్‌కే పోతుంది.

రెండు రోజుల వైజాగ్‌లో అరకు కలపడం మరో పెద్ద పొరపాటు. ఒకవైపే 115 కిలోమీటర్లు, అందులో ఘాట్ రోడ్డు. కిరండోల్ రైల్లో సొరంగాలు చూస్తూ పోవడం అందంగా ఉంటుంది, నిజమే. కానీ రెండు పూటల సముద్రం దానికే చెల్లు. అరకు కావాలంటే నాలుగో రోజు ఉండాలి.

కోనసీమ, కాకినాడ: పిల్లల కన్నా పెద్దలకే

అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి సముద్రంలో కలుస్తుంది, నరసింహస్వామి గుడి పక్కనే. నర్సాపురం దాకా రాత్రి రైలు ఉంది. అక్కడ నుంచి సఖినేటిపల్లి రేవుకు పంటు అనే పెద్ద పడవ మీద గోదావరి దాటడమే సగం ఆనందం. దిండిలో హౌస్‌బోట్లు, రిసార్ట్ ఉన్నాయి. ఆకుపచ్చదనం, తిండి, గోదావరి కోసం వెళ్లే చోటు ఇది. స్నానాల కోసం కాదు. కాకినాడలో కోరంగి మడ అడవుల చెక్క వంతెన నడక బాగుంటుంది. ఉప్పాడ తీరం మాత్రం కోతకు గురవుతూ రాళ్లతో నిండి ఉంది, పిల్లల్ని నీళ్లలోకి దింపే చోటు కాదు.

గోవా: నాలుగు రోజులకు తక్కువైతే దండగ

మూడు రాత్రులు ఉండలేకపోతే విమానం టికెట్ డబ్బు గిట్టుబాటు కాదు. శంషాబాద్ దాకా గంట, ముందుగా రెండు గంటలు, గాలిలో గంటన్నర, దిగాక ఇంకో గంట. ఒకవైపే సగం రోజు. ఇక్కడ పొరపాటు విమానాశ్రయం దగ్గర జరుగుతుంది. గోవాకు రెండున్నాయి: ఉత్తరాన మోపా, దక్షిణాన దబోలిం. హోటల్ దక్షిణ గోవాలో బుక్ చేసి, ఐదారు వందలు తక్కువని మోపా టికెట్ కొంటే ట్యాక్సీకి అంతకు ఎన్నో రెట్లు పోతుంది. మనకలవాటైన ఓలా, ఉబర్‌లు అక్కడ నడవవు. గోవామైల్స్ యాప్ ఉంది, లేదా ట్యాక్సీ స్టాండ్ రేటే.

బాగా, కలంగూట్ వైపు గోల, రద్దీ. కుటుంబానికి దక్షిణమే. పాలోలెం అర్ధచంద్రాకారపు ఖాతం, అలలు నెమ్మది. పడమటి తీరం కాబట్టి సూర్యాస్తమయం సముద్రంలోనే. పొద్దున లేవని పిల్లలున్న ఇంటికి ఇది పెద్ద సుఖం. సాయంత్రం పూటే ముఖ్యం అవుతుంది, పైగా తీరం మీద నీడ, తిండి దొరకడంతో మధ్యాహ్నం కూడా కొంత కలిసొస్తుంది. పూటల లెక్క గోవాలో మారేది అందుకే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఎర్రజెండాలు ఎగురుతాయి, నీళ్లలోకి దిగనివ్వరు. ఆ నెలల్లో గదులు చవగ్గా దొరికేది కూడా అందుకే. వాన చూడటానికైతే సరే.

ఒక్క రోజే ఉంటే

సముద్రం మాట ఎత్తకండి. పిల్లలకు అలలు కావాలంటే రావిర్యాల దగ్గర వండర్‌లాలో వేవ్ పూల్ ఉంది. వారం మధ్యలో పోతే క్యూలు తక్కువ. విశాలమైన నీళ్లు చూడాలనుకుంటే నాగార్జున సాగర్ 150 కిలోమీటర్లు. నాగార్జునకొండ లాంచీ నీటిమట్టాన్ని, గాలిని బట్టి నడుస్తుంది, ఫోన్ చేసి కనుక్కునే బయలుదేరాలి. పెద్దవాళ్లకు పచ్చదనం చాలు అనుకుంటే వికారాబాద్ దగ్గరి అనంతగిరి, అదీ వానాకాలంలో.

బుక్ చేసేముందు ఫోన్లో అడగాల్సినవి

‘బీచ్ ఫేసింగ్’ అన్న మాటకు అర్థం లేదు. గేటు నుంచి నీళ్ల దాకా ఎన్ని నిమిషాల నడక అని అడగండి. ఆ తర్వాత శాటిలైట్ మ్యాప్‌లో మీరే కొలవండి. ఇసుకలో 300 మీటర్లు నడవడమంటే పెద్దవాళ్లకు కిలోమీటరుతో సమానం. కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, ఫ్యాను, లైటు మాత్రమేనా? మే నెలలో ఈ ఒక్క ప్రశ్నే రాత్రి నిద్రను నిర్ణయిస్తుంది. గదిలో కుళాయికి వచ్చేది ఉప్పునీరా, మంచినీరా? బయట కాళ్లు కడుక్కునే షవర్ ఉందా? శాకాహారులకు వంట విడిగా చేస్తారా? రాత్రి వంట ఎన్నింటికి ఆపేస్తారు? టౌన్ తొమ్మిది కిలోమీటర్లు ఉన్నచోట రాత్రి తొమ్మిదిన్నరకు ఆకలేస్తే బిస్కెట్లే దిక్కు. పాలు, పెరుగు, పసిపాప తిండి టౌన్‌లోనే కొనుక్కుని పొండి.

పది మంది దాటిన కుటుంబాలు రెండు కార్ల కన్నా టెంపో ట్రావెలర్ తీసుకోవడం మేలు. ఖర్చు దాదాపు సమానమైనా ఒకరి కోసం ఒకరు ఆగుతూ పోయే గంటలు మిగులుతాయి. కాకపోతే వాంతుల మనిషికి ముందు సీటు ముందే రాసివ్వాలి.

నీళ్ల దగ్గర

అలలు ఎలా ఉంటాయో ముందే చెప్పే సంస్థ మన ఊళ్లోనే, ప్రగతినగర్‌లో ఉంది: ఇన్‌కాయిస్. ఎత్తైన కెరటాలు, ఉప్పెన హెచ్చరికలు అదే ఇస్తుంది. బయలుదేరే ముందు రోజు దాని వెబ్‌సైట్ చూడండి. మత్స్యకారులు వేటకు వెళ్లొద్దని హెచ్చరిక ఉందంటే మీరూ వెళ్లొద్దనే అర్థం. తుఫాను వచ్చినా, ఎవరైనా మునిగిపోయినా జిల్లా అధికారులు కొన్నాళ్లు తీరాన్ని మూసేస్తారు. సూర్యలంక, వాడరేవు వైపు ఇది అరుదు కాదు, రిసార్ట్‌కు ఫోన్ చేసి తెరిచి ఉందో లేదో కనుక్కోండి.

అలలు విరిగే వరసలో ఒకచోట మాత్రం నురగ లేకుండా, నునుపుగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. పిల్లల్ని అక్కడే దింపాలనిపిస్తుంది. అదే ప్రమాదం. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది. అందులో చిక్కితే ఒడ్డువైపు ఈదడానికి పెనుగులాడకూడదు, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు కదిలితే ఆ ప్రవాహం దాటాక అలలే ఒడ్డుకు నెడతాయి. ఈత రానివాళ్లు తేలుతూ చెయ్యెత్తి కేకెయ్యాలి. రక్షించబోయే వాళ్లు ఒట్టి చేతులతో దూకకూడదు. తాడు, ఖాళీ క్యాన్, ట్యూబు ఏదైనా విసరాలి.

పిల్లలకు మోకాలి లోతే హద్దు. ఒక్కో పిల్లకు ఒక పెద్దమనిషి, అదీ సముద్రం వైపు నిలబడి. ఒడ్డు వైపు నిలబడితే అల లాగినప్పుడు పట్టుకోలేరు. గాలి నింపిన బాతు ట్యూబులు ఈత కొలనుకే. ఒడ్డు నుంచి గాలి వీస్తే అవి పిల్లతో సహా లోపలికి పోతాయి. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ పోటు ఎక్కువగా ఉంటుంది, నిన్న చాప పరిచిన చోటే ఇవాళా పరిస్తే చెప్పులు, ఫోన్లు తడుస్తాయి. మందు తాగిన మామయ్యను నీళ్ల దగ్గరికి రానివ్వకపోవడం ఇంట్లో పెద్దల బాధ్యత.

తిరుగు ప్రయాణం

ఆదివారం సాయంత్రం హైదరాబాద్ వైపు బారులు తీరతాయి. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా తీరం వదిలితే చీకటి పడకముందే సూర్యాపేట దాటొచ్చు. నాలుగింటికి బయలుదేరితే చౌటుప్పల్ నుంచి ఎల్బీనగర్ దాకా మొదటి గేరే. సీట్ల మీద పాత దుప్పటి పరచండి. డిక్కీలో ఐదు లీటర్ల మంచినీళ్ల క్యాన్ ఒకటి కాళ్లు కడగడానికే విడిగా ఉంచండి. తడి ఇసుకను రుద్దితే పిల్లల చర్మం గీసుకుపోతుంది, ఆరనిచ్చి పౌడరు చల్లి దులిపితే ఇట్టే రాలిపోతుంది. ఇంటికి రాగానే కారు కిందిభాగం మంచినీళ్లతో కడిగించండి. తీరం పక్కన రాత్రంతా నిలిపిన బండికి ఉప్పుగాలి తుప్పు ఆరు నెలల తర్వాత బయటపడుతుంది.